ఎర్రచందనానికి తొమ్మిది గళ్ల లెక్క

శేషాచలం, పాలకొండ, వెలిగొండ కొండల్లోని ఎర్రచందనం ఊసెత్తితే రెండు అంకెలే వినిపిస్తాయి: పట్టుబడిన దుంగలెన్ని, నాటిన మొక్కలెన్ని. రెండోది మొదటిదాన్ని పూడుస్తుందా? కూడికా తీసివేతలకు అందని ప్రశ్న ఇది. తొమ్మిది గళ్ల మాత్రిక (అంకెలను అడ్డంగా, నిలువుగా పేర్చిన పట్టిక) ఒకటి ఉంటే మాత్రం అందుతుంది.

జనాభాను వయసువారీగా మాత్రికలో పెట్టడం 1945లో లెస్లీ చూపించాడు. చెట్ల దగ్గర అది సాగదు. నిలబడి ఉన్న చెట్టుకు వయసెంతో ఎవరు చెప్పగలరు? పశువులు కొరికీ కొరికీ ఏళ్లతరబడి మోకాలెత్తులోనే ఉండిపోయే మొక్కలూ ఉంటాయి. 1965లో లెఫ్కోవిచ్ వయసు తీసేసి దశలు పెట్టాడు. మనకు పనికొచ్చేది అదే.

మీటరు ఎత్తులోపు ఉంటే మొలక. మీటరు దాటినా, ఛాతీ ఎత్తులో (1.37 మీటర్లు) చుట్టుకొలత 31 సెంటీమీటర్లలోపే ఉంటే లేత చెట్టు. ఆపైన కాపు చెట్టు. ఈ మూడు దశల్లో ఒక్కోటి మరుసటి ఏటికి ఏ దశకు ఎంత వంతు చేరుస్తుందో రాస్తే మూడు మూళ్లు తొమ్మిది గళ్లు. ఇప్పుడు పెట్టే అంకెలు లెక్క చూపడానికి ఊహించినవే, ఏ అడవిలోనూ కొలిచినవి కావు. ఏడాదిలో మొలకల్లో 0.30 వంతు మొలకలుగానే మిగులుతాయి, 0.02 లేత చెట్లవుతాయి, తక్కినవి చస్తాయి. లేత చెట్లలో 0.90 అలాగే ఉంటాయి, 0.03 కాపుకొస్తాయి. కాపు చెట్లలో 0.98 బతుకుతాయి. ఒక్కో కాపు చెట్టుకు మరుసటి లెక్కింపు నాటికి బతికున్న కొత్త మొలకలు 3. మిగతా గళ్లన్నీ సున్నాలే.

1000 మొలకలు, 100 లేత చెట్లు, 50 కాపు చెట్లతో మొదలుపెడదాం. మరుసటి ఏడు మొలకలు 300 + 150 = 450. లేత చెట్లు 20 + 90 = 110. కాపు చెట్లు 3 + 49 = 52. మొత్తం 1150 కాస్తా 612 అయింది. ఆ పై ఏడు సుమారు 453. చూసినవాడు అడవి పోయిందనుకుంటాడు. కాని కాపు చెట్లు 50 నుంచి 54కు పెరిగాయి. మొదట మొలకలు ఉండాల్సినదానికంటే ఎక్కువున్నాయి, అంతే. అందుకే రెండు మూడేళ్ల తల లెక్కతో తీర్పు చెప్పకూడదు. ఎక్సెల్‌లో ఇదే గుణకారాన్ని 200 సార్లు లాగితే ఏటేటా పెరిగే నిష్పత్తి ఒకచోట నిలబడుతుంది. అదే లామ్డా, అంటే మాత్రికకున్న పెద్ద ఐగెన్ విలువ. ఇక్కడ 1.0045. ఈ లెక్కన అడవి రెట్టింపు కావడానికి దాదాపు 155 ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు ఒక్క గడి మార్చండి. దొంగలు కోసేది చేవ పట్టిన లావు చెట్లనే కాబట్టి 0.98 ని 0.95 చేయండి. నూటికి అదనంగా మూడు చెట్లు, అంతకుమించి కాదు. లామ్డా 0.982కు పడిపోతుంది. 38 ఏళ్లలో అడవి సగమవుతుంది. దీన్ని మొలకలతో పూడ్చి లామ్డాను 1 దగ్గర నిలపాలంటే చెట్టుకు 3 కాదు, 5.83 మొలకలు కావాలి. అదీ ఒక్క ఏడు కాదు, ఏటా. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లోని పాప్‌బయో ప్యాకేజీతో మొదటి మాత్రికకు ఎలాస్టిసిటీ (ఒక గడి ఒక శాతం మారితే లామ్డా ఎంత శాతం మారుతుందో చెప్పే అంకె) తీస్తే సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది: కాపు చెట్టు బతుకుకు 0.77, మొలకల సంఖ్యకు 0.02. నిదానంగా పెరిగి చాలాకాలం బతికే చెట్లన్నిటా దాదాపు ఇదే తీరు. నాటడం వద్దని కాదు; డబ్బు కొంచెమే ఉంటే ముందు కాపలాకే పెట్టాలని నా మాట.

లెక్క సులువే, తిప్పలన్నీ కొలతలో. 40 కాపు చెట్లకు బిళ్లలు కొట్టి వచ్చారు, ఏడాదికి ఒక్కటీ చావలేదనుకోండి. ఆ గడిలో 1.00 రాస్తే చెట్టును చిరంజీవిని చేసినట్టే. ఒక్క చావూ కనబడనప్పుడు అసలు చావు రేటు సుమారుగా 3ను చూసిన చెట్ల సంఖ్యతో భాగించినంత, ఇక్కడ 3/40 దాకా, అంటే 7.5 శాతం దాకా ఉండొచ్చు. పెరిగే అడవికీ తరిగే అడవికీ మధ్య తేడా 3 శాతమే అయినప్పుడు ఈ కొలత దేనికీ చాలదు. 300 చెట్లు చూసినా 0.98 చుట్టూ అటూ ఇటూ 1.6 శాతం తేడా మిగులుతుంది.

టేపు చుట్టేచోట చెట్టుకు రంగు గీత పెట్టాలి, ఏటా అదే నెలలో కొలవాలి. వాలులో ఎత్తును పైవాలు వైపు నుంచే చూడాలి. ఎండు అడవుల్లో వేసవికి మొలక పైభాగం మాడిపోయి, వానలు పడ్డాక వేరు నుంచి మళ్లీ లేస్తుంది. కనబడలేదని చచ్చినట్టు రాసేయకుండా మరుసటి వానాకాలం దాకా ఆగండి. ఎక్కువమంది చేసే తప్పు మరొకటి ఉంది: విత్తనానికి వేరే దశ పెట్టడం. మొలకెత్తేందుకు ఏడాది పట్టని విత్తనానికి దశ పెడితే చెట్టు జీవితంలో లేని ఏడాది ఒకటి చేరుతుంది.

మాత్రికకు గతం గుర్తుండదు. నిన్న మీటరు దాటినదీ, రేపో మాపో కాపుకొచ్చేదీ దానికి ఒకటే. దశలు మరీ వెడల్పయితే మొలక రెండేళ్లలో కాపుకొచ్చే వింత జరుగుతుంది. లేత చెట్టును మూడు నాలుగు ముక్కలు చేయడమే విరుగుడు, కాకపోతే ముక్కముక్కకూ సరిపడా చెట్లుండాలి. పక్కన చిరుమాను, బిల్లుడు చెట్లు గుబురుగా ఉన్నచోట మొలకల అంకెలు మారతాయి. నీడకో మాత్రిక, ఎండకో మాత్రిక వేసుకోవాలి. కరువేడుకూ అంతే. అయితే ఏటేటి పెరుగుదల నిష్పత్తులను సగటు చేయొద్దు, గుణించండి: 1.10, 0.90 ల సగటు 1, లబ్ధం 0.99.

ఇక ఎర్రచందనం లెక్కలో మరిచిపోకూడని గడి ఒకటి. నరికిన మొద్దు నుంచి ఇది చిగురిస్తుంది. పోయిన 5 శాతంలో 2 శాతం అలా లేచి లేత చెట్లయితే, కాపు చెట్టు నుంచి లేత చెట్టుకు వెనక్కి వెళ్లే గడిలో 0.02 పడుతుంది. లామ్డా 0.982 నుంచి 0.987కు వస్తుంది. మొద్దును వేళ్లతో పెకిలిస్తే, లేదా చిగుళ్లను మేకలు వరసగా మేసేస్తే ఆ గడిలో మళ్లీ సున్నాయే.