అమ్మ పేరు మీదికి వచ్చిన ఐదు వందల షేర్లు

నాన్న పోయిన ఏడాదిన్నర దాకా ఆ రేకుపెట్టె జోలికి ఎవరినీ పోనివ్వలేదు అమ్మ. 2023 జూన్‌లో, బడులు తెరిచే ముందు వారం, కళింగపట్నం ఇల్లు ఖాళీ చేసి తనను శ్రీకాకుళంలో నా దగ్గరికి తెచ్చుకునే రోజున తనే తాళం తీసి ఇచ్చింది. పైన రెండు పొందూరు పంచెలు. వాటి కింద పాలిథిన్ కవర్లో ఐదు షేర్ సర్టిఫికెట్లు, ఒక్కోటి వంద షేర్లకు. అట్టడుగున మూడు నోటుబుక్కులు. 2018లో తిత్లీ తుపానుకు పైకప్పు రేకులు లేచిపోయిన రాత్రి పెట్టెలోకి వాన దిగింది. ఒక సర్టిఫికెట్ మీద నాన్న పేరు సగం అలుక్కుపోయి ఉంది.

ఆ షేర్లు సముద్రంలో చమురు వెతికే ఒక చిన్న కంపెనీవి. పేరు రాయను. తూర్పు తీరంలో ఒక బ్లాకులో, అంటే చమురు వెతకడానికి ప్రభుత్వం కేటాయించిన సముద్రపు ముక్కలో, దానికి కొద్దిపాటి వాటా ఉండేది. నాన్న మత్స్యశాఖలో ఫీల్డ్‌మన్. 1990లలో ఆ కంపెనీ పబ్లిక్ ఇష్యూకి వచ్చినప్పుడు, విశాఖ నుంచి అప్లికేషన్ ఫారాలు తెచ్చిపెట్టే మనిషి దగ్గర నలుగురు స్నేహితులు కలిసి తీసుకున్నారు: నాన్న, ఒక సోషల్ మాస్టారు, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర జిరాక్స్ షాపాయన, ఒక బోటు యజమాని. నాన్నకు మూడు వందలు వచ్చాయి. తర్వాత ధర పడినప్పుడు ఇంకో రెండు వందలు కొన్నారు. ఇన్నేళ్లలో ఆ కంపెనీ ఒక్క రూపాయి డివిడెండ్ (లాభంలో పంచే వాటా) ఇవ్వలేదు.

అదే మాకు ఒక విధంగా మేలు చేసింది. వరుసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకుండా వదిలేసిన షేర్లు కేంద్ర ప్రభుత్వపు ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు వెళ్లిపోతాయి. అక్కడి నుంచి వెనక్కి తెచ్చుకోవడం ఇంకో పెద్ద తంతు. అసలు డివిడెండే ఇవ్వని కంపెనీ కాబట్టి నాన్న షేర్లు ఆయన పేరు మీదే కదలకుండా ఉన్నాయి. ఈ సంగతి తెలియడానికే నాకు రెండు వారాలు పట్టింది. కంపెనీ తరఫున వాటాదార్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్ రెండుసార్లు మారాడు, సర్టిఫికెట్ వెనక ఉన్న అడ్రసులో ఇప్పుడు ఎవరూ లేరు. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి (బీఎస్ఈ) సైటులో కంపెనీ పేజీ తెరిచి, కొత్త రిజిస్ట్రార్ ఎవరో చూసి, ఫోలియో నంబరు (కంపెనీ దగ్గర నాన్న ఖాతా నంబరు) రాసి మెయిల్ పెడితే నాలుగో రోజు జవాబొచ్చింది: షేర్లు ఉన్నాయి, పాన్ లేదు, కేవైసీ లేదు, నామినీ లేడు.

నామినీ లేడు. ఆ రెండు మాటల కోసం మేం తొమ్మిది నెలలు తిరిగాం.

తమ్ముడూ నేనూ మాట్లాడుకుని షేర్లు అమ్మ పేరు మీదికే మార్చాలనుకున్నాం. భౌతిక షేర్లకు, ఒక కంపెనీలో విలువ 5 లక్షల లోపైతే షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ కాస్త తేలిక దారి ఇచ్చింది, కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మావి ఆనాటి ధరకు పాతిక వేలు కూడా దాటవు. కావాల్సినవి ఐఎస్ఆర్-5 ఫారం, మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మా ఇద్దరి నుంచి అభ్యంతరం లేదని నోటరీ చేసిన కాగితం, తర్వాత ఎవరైనా హక్కు అడిగితే నష్టం తానే భరిస్తానని అమ్మ నుంచి ఇండెమ్నిటీ బాండు. వీటికి తోడు అమ్మ కేవైసీకి ఐఎస్ఆర్-1, సంతకం సరైనదేనని బ్యాంకు ధ్రువీకరించే ఐఎస్ఆర్-2, నామినీ కోసం ఎస్‌హెచ్-13. అమ్మకు పాన్ కార్డే లేదు. ముందు అది తీయించాం.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి మీసేవలో దరఖాస్తు పెడితే వీఆర్వో ఇంటికొచ్చి విచారించారు, ఇరుగుపొరుగు చేత సంతకాలు పెట్టించుకున్నారు. తహసీల్దారు సంతకంతో కాగితం చేతికి రావడానికి మూడు వారాలు. ఆ భాగం నేను భయపడినంత కష్టం కాలేదు.

కష్టమంతా పేరు దగ్గర వచ్చింది. అరసవల్లి దేవుడి పేరే మా నాన్నది. షేర్ సర్టిఫికెట్ మీద ఆ పేరు రెండు ముక్కలు, ఇంటిపేరు చివర ఒక్క అక్షరంగా ఉంది. మరణ ధ్రువీకరణ పత్రంలో ఒకటే మాట, ముందు ఇంటిపేరు మొత్తం. ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం ఉంది గానీ ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక అక్షరం తేడా. పెన్షన్ కాగితంలో మూడో రకం. మన ఊళ్లలో ఒక మనిషి పేరును బడిలో మాస్టారు ఒకలా, ఆఫీసులో గుమాస్తా ఒకలా, ఆధార్ కుర్రాడు ఒకలా రాస్తారు. బతికున్నన్నాళ్లూ ఎవరికీ పట్టదు. పోయాక నలుగురు వేర్వేరు మనుషులై నిలబడతారు. మొదటిసారి పంపిన ఫైలు ముప్పై అయిదు రోజులకు ఈ కారణంతోనే తిరిగొచ్చింది. అన్ని పేర్లూ ఒకే మనిషివని స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాయించి, సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ నకలు జతచేసి మళ్లీ పంపాను. ఆ నకలు కోసం నాన్న పాత ఆఫీసుకి వెళ్తే, అక్కడొక పెద్దాయన పేరు వినగానే లేచి నిలబడి, "మీ నాన్న మాకు వల కన్ను కొలవడం నేర్పిన మనిషమ్మా" అన్నారు. బయటికొచ్చి చాలాసేపు స్కూటీ స్టార్ట్ చేయలేకపోయాను.

రెండోసారి బ్యాంకు దగ్గర ఆగింది. ఐఎస్ఆర్-2 మీద మేనేజరు సంతకంతో పాటు ఆయన పేరు, ఉద్యోగి నంబరు, బ్రాంచి ముద్ర ఉండాలి. అమ్మ తెలుగులో సంతకం పెడుతుంది. కౌంటర్లో ఉన్నాయన, ఇంగ్లిషు సంతకమైతేనే ఆ ఫారం చేస్తామన్నాడు. అమ్మకు కోపం రావడం అరుదు. "నా పాసుబుక్కులో ఏ సంతకం ఉంటే అదే కదా బాబూ ఇక్కడా ఉండాల?" అని అడిగింది. మేనేజరు లోపలి నుంచి విని పిలిచి, పాత సంతకంతో పోల్చి ముద్ర వేశారు గానీ ఉద్యోగి నంబరు రాయడం మరిచారు. ఆ ఒక్క నంబరు కోసం ఫైలు మళ్లీ వెనక్కి. ఈ ఫారం పట్టుకెళ్లేవాళ్లు, కుర్చీలోంచి లేచే ముందే ఆ గడి నిండిందో లేదో చూసుకోండి.

ఈ తిప్పల మధ్య రాత్రిళ్లు నాన్న నోటుబుక్కులు చదివాను. తేదీ, బావి నంబరు, లోతు, ఫలితం, పక్కన ఆ రోజు ధర. మా వైపు పొలంలో బోరు వేస్తే 'పడింది', 'పడలేదు' అని రెండే మాటలు. నాన్న కూడా మొదటి నోటుబుక్కులో అలాగే రాశారు. 'పడలేదు' అన్న రోజు ధర సగమైంది. ఒకసారి 'గ్యాస్ పడింది' అని ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు గీశారు. తర్వాత ఏడేళ్ల పాటు ఆ గ్యాస్ సంగతి ఎక్కడా లేదు.

2002 అక్టోబరులో రిలయన్స్ కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లోని డీ6 బ్లాకులో గ్యాస్ దొరికిందని ప్రకటించింది. గ్యాస్ ఒడ్డుకు వచ్చింది 2009 ఏప్రిల్‌లో. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటిన ఉత్పత్తి, నాలుగేళ్లు తిరక్కుండా పావు వంతు దరిదాపుకు పడిపోయింది. 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ కేజీ బేసిన్‌లోని తన బ్లాకులో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ ఉందని చెప్పింది. 2017లో ఆ బ్లాకులో తన 80 శాతం వాటాను ఓఎన్‌జీసీకి అమ్మేసింది. ఇవన్నీ పేపరు కత్తిరింపులుగా నాన్న నోటుబుక్కుల్లో ఉన్నాయి. రెండో నోటుబుక్కు నుంచి ఆయన మాట మారింది. 'పడింది' పోయి మూడు గళ్లు వచ్చాయి.

మొదటి గడి, తవ్వక ముందు భూకంప తరంగాల సర్వే చూసి వేసే ఊహ, ప్రాస్పెక్టివ్ రిసోర్స్. కొత్త ప్రాంతంలో ఐదు బావుల్లో ఒకటి తగిలినా మంచిదే అనుకునే రంగం ఇది. రెండో గడి కంటింజెంట్ రిసోర్స్. తవ్వారు, దొరికింది, కానీ తీస్తే గిట్టుతుందో లేదో తేలలేదు. మూడోది రిజర్వు. వాణిజ్యపరంగా గిట్టుతుందని ప్రకటించి, అభివృద్ధి ప్రణాళిక ఆమోదమై, తీసి అమ్మే దారి ఖాయమైనదే రిజర్వు. మొదటి గడిలోని అంకె ఎప్పుడూ పెద్దగా ఉంటుంది, కంపెనీ ప్రకటనలో లావు అక్షరాల్లో అదే ఉంటుంది. ఆ అంకెను మూడో గడిదనుకుని కొన్నవాళ్లే మన వైపు ఎక్కువమంది. నాన్న స్నేహితుడు బోటు యజమాని అలాగే రెండో బోటు డబ్బు పెట్టి, 2008 జనవరి పతనం తర్వాత నష్టానికి అమ్ముకున్నారు. ఆ పేజీలో నాన్న ధర రాయలేదు. ఆయన ఇంటికి వెళ్లొచ్చానని మాత్రం రాశారు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మూడో నోటుబుక్కు. 2021లో కంపెనీ కొత్త బావికి డబ్బు కోసం రైట్స్ ఇష్యూ (పాత వాటాదార్లకే కొత్త షేర్లు అమ్మడం) తెచ్చింది, ఒక షేరుకు ఒక షేరు, మార్కెట్ ధరకంటే బాగా తక్కువకు. సెబీ 2020లో తెచ్చిన పద్ధతి ప్రకారం రైట్స్ హక్కులు డీమ్యాట్ ఖాతాలోకే, అంటే కాగితం లేకుండా షేర్లు దాచే ఖాతాలోకే, వస్తాయి. కాగితం షేర్లున్నవాళ్లు గడువుకు రెండు పనిదినాల ముందే ఖాతా వివరాలు ఇవ్వాలి, లేకపోతే ఆ హక్కు మురిగిపోతుంది. నాన్నకు ఖాతా లేదు. కంపెనీ ఉత్తరం గడువు దాటాక చేరింది. అలా షేర్ల సంఖ్య రెట్టింపైన కంపెనీలో నాన్న ఐదు వందలు ఐదు వందలుగానే మిగిలాయి, అంటే ఆయన వాటా సగమైపోయింది. బావి ఎండిపోయినందుకు ఆయన ఎప్పుడూ ఎవరినీ తిట్టలేదు. ఈ పేజీలో మాత్రం "నన్ను లెక్కలోంచి తీసేశారు" అని ఉంది. కాగితం షేర్లను 2019 ఏప్రిల్ 1 నుంచి వేరొకరికి బదిలీ చేయడానికే వీల్లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఇలాంటి సర్టిఫికెట్లుంటే దయచేసి ఈ నెలలోనే డీమ్యాట్ చేయించండి, నామినీ పేరు రాయించండి. వాళ్లు సంతకం పెట్టగలిగినప్పుడు ఇది కొద్ది ఫారాల పని.

మూడోసారి పంపాక రిజిస్ట్రార్ నుంచి జవాబే లేదు. డిసెంబరులో సెబీ వారి ఫిర్యాదుల సైటు స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టాను. ఫోలియో నంబరు, మూడు స్పీడ్‌పోస్టు రసీదులు, వాళ్ల పాత మెయిళ్లు తేదీల వారీగా జతచేశాను, కోపం మాట ఒక్కటీ రాయలేదు. మూడో వారంలో ఫోనొచ్చింది. మరక పడిన సర్టిఫికెట్ అసలు కాగితం మా దగ్గరే ఉంది కాబట్టి, పోయిన వాటికి అడిగినట్టు పోలీసు ఫిర్యాదు అడగలేదు. సర్టిఫికెట్ నంబరు, షేర్ల వరస నంబర్లు చదవగలిగేలా ఉండటం మమ్మల్ని కాపాడింది.

ఆ మధ్యలోనే, 2024 జనవరి 7న, కేజీ బేసిన్‌లోని 98/2 బ్లాకులో ఓఎన్‌జీసీ తొలి చమురు తీసింది. అప్పటి సోషల్ మాస్టారు హెడ్మాస్టారుగా రిటైరై ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డారు. ఫోన్ చేసి, "అమ్మా, లోతు సముద్రంలోంచి వచ్చిందట. మీ నాన్నకు చెప్పాలనిపించి నీకు చేశాను" అన్నారు. అది మా కంపెనీ బావి కాదు. అయినా నాన్న నోటుబుక్కులో ఖాళీగా ఉన్న పేజీలో తేదీ వేసి రాశాను.

రథసప్తమి మర్నాడు, ఫిబ్రవరి 17న, షేర్లు అమ్మ పేరు మీదికి మారాయని చెప్పే లెటర్ ఆఫ్ కన్ఫర్మేషన్ వచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం, అందులోని తేదీ నుంచి 120 రోజుల్లోగా డీమ్యాట్‌కి ఇవ్వకపోతే షేర్లు కంపెనీ సస్పెన్స్ ఖాతాలోకి పోయేవి. అమ్మ పేరుతో ఖాతా తెరిచాం. వీడియోలో కళ్లు ఆర్పమంటే అమ్మ నాలుగుసార్లు గట్టిగా మూసి తెరిచింది. మార్చి ఆఖరి వారంలో నా ఫోన్‌కి మెసేజీ వచ్చింది, ఐదు వందల షేర్లు జమ. నోటరీలు, స్టాంపు కాగితాలు, పోస్టు, జిరాక్సులు కలిపి మూడు వేల పైనే అయింది. బడిలో నా సెలవులు సగం దీనికే పోయాయి.

అమ్మేద్దామా అని తమ్ముడు అడిగాడు. ఆ బ్లాకులో ఉన్నది ఇంకా రెండో గడిలోనే ఉంది, రిగ్ అద్దె కట్టడానికి కంపెనీ మళ్లీ మన దగ్గరికే రావచ్చు. రెండు వందలు అమ్మి ఖర్చు తీసేసి, మూడు వందలు ఉంచడం మంచిదని నా అభిప్రాయం చెప్పాను. అమ్మ సరేనంది. సాయంత్రం హెడ్మాస్టారు వచ్చి, వానాకాలం వెళ్లాక ఇంకో బావి తవ్వుతారట అని చెబుతుంటే, పాతికేళ్లుగా నాన్నను "బోరు పడిందా?" అని తప్ప ఇంకోటి అడగని అమ్మ, కాఫీ గ్లాసు ఆయన చేతికిస్తూ అడిగింది:

"ఎన్ని మీటర్ల లోతు మాస్టారూ?"

నోటుబుక్కు తెచ్చి తన ముందు పెట్టాను. తేదీ వేసి, పక్కన తెలుగులో 300 షేర్లు అని రాసుకుంది.