పెళ్లికార్డులో పోయిన ఒత్తు

ఏఐ వచ్చాక డిజైన్ నాణ్యత పడిపోతోందంటే, బొమ్మను ఉన్నదున్నట్టు ప్రెస్‌కి పంపేస్తున్నందుకే. 1024 పిక్సెళ్ల బొమ్మ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చేస్తే మూడున్నర అంగుళాలకు మించదు. 5×7 అంగుళాల కార్డుకి 1500×2100 పిక్సెళ్లు కావాలి, చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అంచు) అదనం.

అసలు బాధ అక్షరాలది. 'లక్ష్మి'లో రెండో అక్షరం చూడండి: కకు గుడి, ష ఒత్తు, మ ఒత్తు. ఏఐ గీస్తే వీటిలో ఏదో ఒకటి తరచూ ఎగిరిపోతుంది. పెళ్లికూతురి పేరే తప్పుపడితే ఆ కార్డు ఎలా పంచుతారు?

నేపథ్యం వరకే ఏఐతో తీయండి. అక్షరాలు ఇన్‌డిజైన్‌ అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ ఫాంట్‌తో, అందులోనే ఉండే వరల్డ్ రెడీ కంపోజర్ (ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే సెట్టింగ్) పెట్టి టైప్ చేయండి. లేకపోతే ఒత్తులు విడిపోతాయి. నల్ల అక్షరాలకు నలుపు ఒక్కటే 100 శాతం ఉండాలి. ఆర్‌జీబీ (తెర రంగుల) నలుపును అలాగే అచ్చు రంగుల్లోకి మారిస్తే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు నాలుగు రంగులూ కలుస్తాయి, ఒక్కో రంగుకి ఉండే అచ్చు ప్లేటు వెంట్రుకవాసి జరిగినా సన్నని ఒత్తుల చుట్టూ రంగునీడ పడుతుంది.