‘ఎప్పుడు మొదలైంది?’

మా తమ్ముడి మానసిక జబ్బుకు నిన్న పేరు పెట్టారు: స్కిజోఫ్రెనియా. విని గుండెలు బాదుకోవాల్సింది పోయి, హమ్మయ్య అనుకున్నాం. ఆ పేరు తేలడానికి పడ్డ అగచాట్లు అలాంటివి.

రక్తపరీక్షలు, థైరాయిడ్, మెదడు స్కానింగ్, మత్తుపదార్థాల పరీక్ష చకచకా అయిపోయాయి. వేరే కారణం లేదని తేల్చుకోవడానికి అవి కావాలి, వాదించకుండా చేయించండి.

మాకు చుక్కలు చూపించింది ఒకే ఒక్క ప్రశ్న: ‘ఎప్పుడు మొదలైంది?’ నలుగురూ వింటున్న గదిలో, తమ్ముడు పక్కనే ఉండగా, వాడు లేనట్టే ఆ పెద్ద డాక్టరు మమ్మల్ని అడిగాడు. ‘పరీక్ష తప్పినప్పటి నుంచి’ అంది అమ్మ. ‘అంతకు ముందే, స్నేహితులతో మాట్లాడడం మానేసినప్పుడే’ అన్నాడు నాన్న. నేను, పక్కింటివాళ్లు తన ఆలోచనలు వింటున్నారంటూ కిటికీ సందుల్లో దూది కుక్కిన రోజు చెప్పాను. ‘ముగ్గురూ మూడు చెబితే ఏది రాసుకోను? ఇంట్లో మనిషిని గమనించుకోవడం కూడా చేతకాదా?’ అని పెన్ను బల్ల మీద పడేశాడు. అమ్మ తల దించుకుంది. ‘నన్నడగండి, నేను చెబుతాను’ అన్నాడు తమ్ముడు. ఎవరూ అడగలేదు.

అంత చదువుకున్న మనిషికి, ఆ తేదీ ఎందుకు కావాలో చెప్పడానికి రెండు నిమిషాలు లేకపోయాయి. మరోచోట ఒక చిన్న డాక్టరమ్మ చెప్పింది. అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పుస్తకం డీఎస్ఎం-5 లెక్కలో లక్షణాలు నెలలోపే పూర్తిగా తగ్గితే స్వల్పకాలిక సైకోసిస్ (ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితి). నెల దాటి 6 నెలల్లోపైతే స్కిజోఫ్రెనిఫార్మ్. మొత్తం 6 నెలలు ఉండి, అందులో కనీసం నెలపాటు భ్రమలు, లేని మాటలు వినిపించడం లాంటివి బలంగా ఉంటే స్కిజోఫ్రెనియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 మాత్రం నెల చాలంటుంది. వీటితోపాటే తీవ్రమైన కుంగుబాటో ఉన్మాదమో (హద్దు మీరిన హుషారు, మేనియా) కూడా నడుస్తుంటే స్కిజోఅఫెక్టివ్ కావచ్చు. స్నేహితులకు దూరం కావడం, చదువు మీద ఆసక్తి పోవడం కూడా ఆ 6 నెలల లెక్కలోకి రావచ్చట. అంటే మేం ముగ్గురం చెప్పిందీ పనికొచ్చేదే! అప్పటిదాకా డాక్టర్లు రాసిచ్చిన చీటీ చీటీకీ జబ్బు పేరు ఎందుకు మారిందో అప్పుడు అర్థమైంది.

ఆ రాత్రే నోటుపుస్తకం తీశాను. నిద్ర, స్నానం, తిండి, వినిపించే మాటలు, మాత్రలు, అన్నీ తేదీలతో రాశాను. కొన్ని తమ్ముడే చెప్పి రాయించాడు. ‘ఇంత శుభ్రంగా ఎవరూ తీసుకురారు’ అంటూ డాక్టరమ్మ దాన్ని జిరాక్సు తీయించుకుంది. గొప్ప చెప్పుకుంటున్నానంటే అనుకోండి.

మందులు మొదలుపెట్టాక కుదురుగా కూర్చోలేక గదంతా పచార్లు చేసేవాడు. జబ్బు ముదిరిందని నాన్న కంగారుపడ్డాడు. అది అకథీసియా, మందు వల్ల వచ్చే అశాంతి. డాక్టరుకు చెప్పగానే మోతాదు మార్చారు. మీరై మీరు మాత్రలు ఆపేయకండి.

ఇంట్లో అరుపులు, దెప్పిపొడుపులు ఎక్కువైతే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని కూడా చెప్పారు. పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుందని ఉచిత సలహాలిచ్చే బంధువుల ఫోను ఎత్తడం అందుకే మానేశాను.