ప్లాట్‌ఫారం మీద ఒక చెయ్యి

సుజయ్ ఘోష్ తీసిన 'కహానీ' (2012) గురించి మాట్లాడేవారంతా చివరి మలుపు గురించే చెబుతారు. నా మనసులో నిలిచిపోయింది మాత్రం మెట్రో స్టేషన్ సన్నివేశం. తప్పిపోయిన భర్తను వెతుక్కుంటూ లండన్ నుంచి కోల్‌కతా వచ్చిన విద్యా బాగ్చీ నిండు గర్భిణి. ప్లాట్‌ఫారం మీద బాబ్ బిశ్వాస్ ఆమె దగ్గరకు వస్తాడు. బట్టతల, కళ్ళద్దాలు, కొంచెం బొజ్జ. పగలంతా ఇన్సూరెన్స్ ఏజెంటు, అసలు పని కిరాయి హత్యలు. రైలు దూసుకొస్తుండగా ఆమెను పట్టాలవైపు నెడతాడు. సరిగ్గా అక్కడే విశ్రాంతి.

హాల్లో నా పక్కన మావారు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది. భయంతో వచ్చిన ఏడుపు కాదది. ఎవరో నా సొంత మనిషి మీద నింద వేస్తే వచ్చేలాంటి ఏడుపు.

పెళ్ళికి ముందు ఆఫీసు శిక్షణ కోసం కొన్నాళ్ళు కోల్‌కతాలో ఉన్నాను. సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి హౌరాలో దిగేసరికి ఊరంతా పూజ పందిళ్ళే. బెంగాలీ ఒక్క ముక్క రాదు, నా హిందీ అంతంతమాత్రం. బస భవానీపూర్ వైపు ఒక సందులో. పందిళ్ళ వల్ల దారి మూసేశారని టాక్సీ అతను సందు మొదట్లోనే దించేశాడు. కూరల సంచీ పట్టుకుని వెళుతున్న ఒక పెద్దాయన చీటీ మీది అడ్రసు చదివి, తన ఇంటిదారి వదిలేసి నాతో నడిచారు. తలుపు తీసేదాకా గేటు దగ్గరే నిలబడి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

రోజూ మెట్రోలోనే తిరిగేదాన్ని. దేశంలో మొట్టమొదటి మెట్రో అది, 1984లో ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా మొదలైంది. ఆ భవానీపూర్ స్టేషనే ఇప్పటి నేతాజీ భవన్. అక్కడ రైలు కంటే ముందు గాలి వస్తుంది. సొరంగంలోంచి వెచ్చగా తోసుకొచ్చి చీర కుచ్చిళ్ళను కదిలిస్తుంది, ఆ తర్వాతే చీకట్లో దీపాలు. ఒక సాయంత్రం ఆ గాలి వస్తుంటే పసుపు గీత దాటి ముందుకు వంగి చూస్తున్నాను. వెనక నుంచి జనం తోసుకొచ్చారు. ఎవరో నా మోచెయ్యి పట్టి వెనక్కి లాగారు. తిరిగి చూస్తే కళ్ళద్దాల నడివయసు మనిషి, చంకలో తోలు సంచీ. 'దీదీ' అని మెల్లగా ఏదో చెప్పి, నాకంటే ముందే సిగ్గుపడి పక్క పెట్టెలోకి ఎక్కేశారు. ఆయన వేళ్ళ పట్టు నా చేతికి ఇంకా గుర్తుంది.

ఇప్పుడు బాబ్ బిశ్వాస్‌ను చూడండి. అదే ఒడ్డూ పొడుగూ, అదే కళ్ళద్దాలు. చంపబోయే ముందు 'నమస్కారం, ఒక్క నిమిషం' అంటూ మర్యాదగా పలకరిస్తాడు. శాశ్వత ఛటర్జీ గొప్పగా చేశారు. ఆఫీసులో పైఅధికారి చేత తిట్లు తినే దృశ్యంలో ఆయన ముఖం చూస్తే జాలి కూడా వేస్తుంది. ఆ ఊరు ఎరగనివారికి అతను కొత్తరకం హంతకుడు. నాకు మాత్రం నన్ను కాపాడిన మనిషి రూపంలో వచ్చిన హంతకుడు. కొత్త ఊళ్ళో ఒంటరి ఆడదానికి ఉన్న ఒకే ఒక ధైర్యం అడిగితే చెప్పే మనిషి. దర్శకుడు దెబ్బకొట్టింది సరిగ్గా ఆ ధైర్యం మీదే. అందుకే నాకు అంత కోపం, ఆ సినిమా మీద అంత గౌరవం కూడా.

2014లో శేఖర్ కమ్ముల ఇదే కథను హైదరాబాద్ పాతబస్తీకి తెచ్చి 'అనామిక' తీశారు. నయనతార బాగా చేశారు, గర్భం సంగతి తీసేశారు. మొదటిరోజే ఆశగా వెళ్ళాను. కానీ ఒక్కచోటా గుండె ఝల్లుమనలేదు. కథ ముందే తెలియడం ఒక కారణం, నిజమే. అంతకంటే పెద్ద కారణం, అది నా ఊరు. గాజుల కోసం, పెళ్ళి బట్టల కోసం చిన్నప్పటి నుంచీ అమ్మ వెంట తిరిగిన వీధులు. ఆమె దారి తెలియక నిలబడితే, 'ఇటు వెళితే చార్మినార్ వస్తుందమ్మా' అని చెప్పాలనిపించింది తప్ప ఆమెతో పాటు తప్పిపోలేకపోయాను.

పాతబస్తీలో ఒక్కసారైనా భాష తెలియక, దారి తెలియక తిరిగిన బెంగాలీలు ఎవరైనా 'అనామిక' చూశారేమో. వారికి ఎక్కడ భయం వేసిందో అడిగి తెలుసుకోవాలని ఉంది.