ఓఆర్ఆర్ మీద ఓటీఎఫ్ఎస్: నా అనుభవం

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద, కోకాపేట దగ్గర గంటకి 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారులోంచి పంపిన ఓటీఎఫ్ఎస్ ఫ్రేములు నిన్న శుభ్రంగా డీకోడ్ అయ్యాయి. ఓటీఎఫ్ఎస్ అంటే డేటాని ఆలస్యం, డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) అనే రెండు దిక్కుల గడుల మీద పరిచి పంపే రేడియో పద్ధతి. ట్రాన్స్‌మిటర్ కారులో, రిసీవర్ సర్వీసు రోడ్డు పక్కన. 5.8 గిగాహెర్ట్జ్ కాబట్టి, పవర్ పరిమితి దాటనంత వరకు లైసెన్సు గొడవ లేదు. సబ్‌క్యారియర్ల (సిగ్నల్‌ని విడగొట్టిన సన్నటి ఫ్రీక్వెన్సీ పాయల) ఎడం 15 కిలోహెర్ట్జ్, గ్రిడ్ 512 × 16, అంటే 512 ఆలస్యం వరసలు, ఒక్కో వరసలో 16 డాప్లర్ గడులు.

ఆ వేగానికి డాప్లర్ 537 హెర్ట్జ్. గ్రిడ్‌లో ఒక్కో డాప్లర్ గడి 937.5 హెర్ట్జ్. పీక్ గడికీ గడికీ మధ్యన పడి, పైలట్ (దారిని కొలవడానికి పంపే తెలిసిన సింబల్) శక్తి మొత్తం 16 గడుల్లోకీ చిందుతుంది. అందుకే డాప్లర్ వైపు 16 గడులనీ గార్డుగా, అంటే డేటా పెట్టకుండా ఖాళీగా ఉంచాలి. 3 మైక్రోసెకండ్ల ప్రతిధ్వనులకి 512లో 47 వరసలు (పైలట్ వరస, దానికి అటు 23, ఇటు 23), అంటే 9 శాతం పోతుంది. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

ప్రాణం తీసింది మాత్రం వేరే. కారు ఆపి ఉంచినా పీక్ మైనస్ 5.7 కిలోహెర్ట్జ్ దగ్గర కూర్చుంది. పైలట్ పక్క వరసల్లో డేటా బాగుంది. 64 వరసల అవతల క్యూపీఎస్‌కే (నాలుగు చుక్కల్లో ఒకదానితో రెండేసి బిట్లు పంపే పద్ధతి) చుక్కలు 45 డిగ్రీలు తిరిగి సరిగ్గా సరిహద్దుల మీద నిలబడ్డాయి. 128 వరసల అవతల కాన్‌స్టలేషన్ (ఆ చుక్కల పటం) 90 డిగ్రీలు తిరిగి అద్దంలా శుభ్రంగా ఉంది, సింబళ్లన్నీ తప్పు! బోర్డులు అమ్మినవాళ్లని అడిగితే "బోర్డు పాడై ఉంటుంది, పంపండి" అన్నారు. అలాంటి మాట విని బోర్డు పెట్టెలో సర్దేయకండి.

అసలు సంగతి ఆసిలేటర్లలో, అంటే బోర్డుల్లో ఫ్రీక్వెన్సీని పుట్టించే గడియారాల్లో ఉంది. 2 పీపీఎం (పది లక్షల్లో రెండు వంతుల) తప్పు అంటే 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర 11.6 కిలోహెర్ట్జ్, రెండు బోర్డులూ చెరోవైపు జరిగితే 23.2. గ్రిడ్ చూడగలిగేది ప్లస్ ఆర్ మైనస్ 7.5 మాత్రమే. 9.3 కిలోహెర్ట్జ్ తేడా చుట్టు తిరిగి మైనస్ 5.7గా కనబడుతుంది. ఆ రెంటికీ మధ్య 15 కిలోహెర్ట్జ్ ఉంది కదా, అదే 512 వరసల పొడవునా ఫేజ్‌ని ఒక పూర్తి చుట్టు తిప్పేస్తుంది. ఈక్వలైజర్‌ని (దారి చేసిన వంకరని సరిచేసే భాగాన్ని) ఎంత మార్చినా ఇది పోదు.

రెండు వైపులా జీపీఎస్‌కి లాక్ అయ్యే 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ పెట్టండి, లాక్ పడేదాకా ఫ్రేము పంపకండి. అంత డబ్బు లేకపోతే ప్రీయాంబుల్‌తో (ఫ్రేము ముందు పంపే తెలిసిన సిగ్నల్‌తో) ఆఫ్‌సెట్ కొలిచి తీసేయండి, పూర్ణాంక భాగం (అందులో 15 కిలోహెర్ట్జ్‌లు ఎన్ని ఉన్నాయో అది) కూడా కొలవాలి. దానితోపాటు నేరుగా వచ్చే దారి డాప్లర్ కూడా పోతుంది. డేటాకి ఇబ్బంది లేదు, కారు వేగం కొలవాలనుకుంటే మాత్రం కుదరదు.

క్యూపీఎస్‌కే ఒక్కటే కావాలంటే ఈ వేగంలో ఓఎఫ్‌డీఎం (డేటాని నేరుగా సబ్‌క్యారియర్ల మీద పెట్టే మామూలు పద్ధతి) చాలు, డాప్లర్ సబ్‌క్యారియర్ ఎడంలో 3.6 శాతమే. 256 చుక్కలుండే 256 క్వామ్‌కి వెళ్తే అది తడబడుతుంది.