వకారానికి కొమ్ము కింద

ఆగస్టు 21, గురువారం

పొద్దున్నుంచీ ముసురు. గజపతినగరం రోడ్డులో బస్సు దిగి ఆటో దొరికేసరికి చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసిపోయాయి. ఒకటో తరగతిలో పదకొండు మందికి ఏడుగురే వచ్చారు. వాన రోజులంటే నాకు ఇందుకే ఇష్టం. ఏడుగురినీ చాప మీద చుట్టూ కూర్చోబెట్టుకుంటే ఒక్కొక్కళ్ల పలకలోకీ తొంగి చూడొచ్చు.

కిటికీ పక్కన కూర్చునే పిల్లాడు ఇవాళ బొమ్మ కింద 'ఆవు' అని రాశాడు. రాశాడు కానీ కొమ్ముని వకారం పక్కన తగిలించాడు. నేను చదివి వినిపించాను: "ఆమ." వాడు తెల్లబోయాడు. పలక తిప్పి తిప్పి చూసుకున్నాడు. బొమ్మలో ఆవుంది, తను రాసింది ఆవు, టీచరేమో ఆమ అంటోంది. పుస్తకంలో ఉన్న 'ఆవు'ని పలక పక్కన పెట్టి వేలితో చూపించాను. చాలాసేపు చూశాక అడిగాడు: "టీచర్, దీనికి కొమ్ము కింద ఏలాడతందేటి?"

పన్నెండేళ్లుగా చెబుతున్నాను, ఏ పిల్లాడూ ఆ ప్రశ్న అడగలేదు. కుకి, తుకి, రుకి పక్కనే పెట్టే కొమ్ముని వకారానికి మాత్రం కిందికి దించి రాస్తాం. పక్కన పెడితే అది 'మ' అయిపోతుంది మరి. పలక మీద 'వ' రాసి, పక్కన కొమ్ము గీసి, "ఇప్పుడేమైంది?" అన్నాను. "మ!" అని ఏడుగురూ అరిచారు. అందుకే పాపం దాన్ని కిందికి పంపించామని చెప్పాను. నేను ఇంకో బొమ్మ తీసేలోపే వాడు పుస్తకంలో నాలుగు పేజీలు వెనక్కి తిప్పి, "టీచర్, పులికీ కిందే ఉంది!" అని కేక పెట్టాడు. నేను చెప్పలేదు. వాడే పట్టుకున్నాడు. ఆ కేకకి పక్క గదిలోంచి మాస్టారు వచ్చి చూసి వెళ్లారు.

ఆ తర్వాత వాన ఎప్పుడు తగ్గిందో, భోజనం గంట ఎప్పుడు కొట్టారో నాకు తెలియలేదు.

మూడేళ్ల కిందట ఇలా ఉండేదాన్ని కాదు. ఇద్దరు టీచర్ల బడి మాది. అప్పుడు నాలుగు, అయిదు తరగతులు నావి, ఒకటి, రెండు మాస్టారివి, మూడో తరగతి ఎవరికి తీరికైతే వాళ్లది. పెద్ద పిల్లలు కాబట్టి వాళ్లకి లెక్కలో పాఠమో ఇచ్చేసి హాజరు ఫొటోలు, భోజనం లెక్కలు, పైనుంచి అడిగే పట్టికలు పూర్తి చేసేదాన్ని. సాయంత్రానికి తల దిమ్ముగా ఉండేది. డీఎస్సీ-2012లో వచ్చిన ఉద్యోగం. దాని కోసం ఎన్ని రాత్రులు చదివానో గుర్తుంది కాబట్టి వదిలేయాలన్న ఆలోచన వచ్చిన రోజు నా మీద నాకే భయం వేసింది. చదువు చెప్పడమంటే నాకు ఇష్టం లేదేమో, ఇన్నాళ్లూ ఉందనుకున్నానేమో అనిపించింది.

మా ఆయన ఒక రాత్రి అన్నం తింటూ అన్నారు: "నువ్వు ఇంటికొచ్చి చెప్పే కబుర్లన్నీ ఒకటో తరగతివే. మాస్టారు సెలవు పెట్టిన రోజునే నీకు కబుర్లుంటాయి." ఏదో మాటవరసకి అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వెనక్కి తిరిగి లెక్క వేసుకుంటే నిజమే. నాకు చదువు చెప్పడం అంతా ఒకేలా ఇష్టం కాదు. పిల్లాడు మొట్టమొదటి మాటని ఎవరి సాయమూ లేకుండా కూడబలుక్కుని, అది తనకి తెలిసిన మాటేనని గుర్తుపట్టి, తలెత్తి నా మొహం చూస్తాడే, ఆ చూపు కావాలి నాకు. అది అయిదో తరగతిలో దొరకదు. అప్పటికి ఆ పని ఎవరో చేసేసి ఉంటారు, లేదా ఎవరూ చెయ్యకుండా వదిలేసి ఉంటారు.

మర్నాడు మాస్టారిని అడగడానికి చాలా మొహమాటపడ్డాను. ఆయన నాకంటే సీనియరు. అడిగాక తెలిసింది, ఒకటో తరగతి ఆయనకి శిక్షలా ఉందని. ఏడుపులు, లాగుల్లో పోసేసుకోవడాలు, చెప్పిందే ముప్పైసార్లు చెప్పడం ఆయన వల్ల కావడం లేదట. ఆయనకి రిజిస్టరు గీతలు తిన్నగా ఉండాలి, అంకెలు ఆఖరికి సరిపోవాలి. అయిదో తరగతికి భిన్నాలు ఆయన చెప్పినంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేదు. తరగతులు మార్చుకున్నాం. ఆన్‌లైన్ పనుల్లో ముప్పాతిక ఆయన తీసుకున్నారు. బదులుగా ప్రార్థన, భోజనం దగ్గర కాపలా, తల్లిదండ్రులతో మాటలు నావి. జీతం అదే, బడి అదే, ముసురులో ఈ ప్రయాణమూ అదే.

నాలుగు పీరియడ్ల తర్వాత గొంతు పోతుంది. అయినా సాయంత్రానికి తల దిమ్ముగా ఉండడం లేదు.

మధ్యాహ్నం పెద్ద పిల్లలతో 29వ తేదీకి ఉపన్యాసం సాధన చేయించాం. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. 1863లో పుట్టారు, పర్లాకిమిడిలో టీచరుగా పనిచేశారు, సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి ఆ భాషలోనే చదువుకునేలా పుస్తకాలు రాశారు, 1913లో రావు సాహెబ్ బిరుదు వచ్చింది. పిల్లలు గడగడా అప్పజెప్పేశారు. నాకు మాత్రం సవర దగ్గరే మనసు ఆగిపోయింది. ఆయన్ని సవర నేర్పమని ఎవరూ ఉద్యోగంలో పెట్టుకోలేదు. చుట్టూ ఉన్న మనుషుల మాట చెవిన పడితే ఊరుకోలేకపోయారు, అంతే. మా ఊరికి దగ్గరివాడని చెప్పడం లేదు కానీ, నాకు ఆయన తోటి టీచరులాగే అనిపిస్తారు.

సాయంత్రం గేటు దగ్గర కిటికీ పిల్లాడి అమ్మ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. "మా గుంటడు ఇంట్లో సబ్బు కాయితం కూడా వదల్డం లేదు టీచరమ్మా, అచ్చరం కనబడితే సాలు" అంది. ఆవిడకి చదువు రాదు. కొడుకు చదివింది తప్పో ఒప్పో ఆవిడకి తెలియదు, అయినా వింటూ కూర్చుంటుందట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ మొహం చూడాలి. నేను ఏం జవాబు చెప్పానో గుర్తులేదు.

బస్సులో ఫోన్ చూస్తే గ్రూపులో సీనియారిటీ జాబితా. స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్‌కి నా పేరు దగ్గర్లోకి వచ్చేసింది. అమ్మ రెండేళ్లుగా అడుగుతోంది, హైస్కూలుకి ఎప్పుడు వెళ్తావని. డబ్బు అవసరం లేదని అనలేను. ఇంటి అప్పు ఇంకా ఉంది. హైస్కూల్లో పనిచేసే స్నేహితురాళ్లు ఆరో తరగతికి వచ్చి కూడా పేరా చదవలేని పిల్లల గురించి చెబుతుంటారు. విన్నప్పుడల్లా నాకు వాళ్ల మీద కోపం రాదు, ఆ పిల్లల ఒకటో తరగతి ఎలా గడిచిందోనని కళ్లకు కడుతుంది. మూడో తరగతి అయ్యేలోపు ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో నిపుణ్ భారత్ మొదలుపెట్టినప్పుడు ఎన్నో శిక్షణలకి వెళ్లాం. ఆ పని జరిగేది మాత్రం ఈ చాప మీదే. నన్ను అడిగితే వద్దని రాసిస్తాను. మా ఆయనకి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అప్పు సంగతి నేను చూసుకుంటాలే" అన్నారు. ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, మర్చిపోకుండా.

రాత్రి పాత క్యాలెండర్ కాగితాలు కత్తిరించి కార్డులు చేశాను. కొమ్ము కిందికి దిగేవన్నీ ఒక కట్ట. ఆవు, చెవులు, పులి, పువ్వు. పువ్వుకి వత్తుంది, తీసి పక్కన పెట్టాను. పుట్ట కూడా అంతే. పురుగు రాశాను, పుల్ల రాసి, వత్తుందని కొట్టేశాను. ఫుకి మాత్రం ఏమీ దొరకడం లేదు. ఫుట్‌బాల్ వాడికి తెలుసు కానీ అందులో పొల్లు వస్తుంది, పొల్లుకి ఇంకా నెల పడుతుంది. అరగంట నుంచీ ఆలోచిస్తున్నాను. రేపు పొద్దున్న మాస్టారిని అడగాలి.