ఎర్రసిరాలో ‘చూసినావా?’

మన బడి పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడిగితే రెండు వారాలు తప్పించుకు తిరిగాను. కరెంటాఫీసులో అర్జీలకు జవాబులు రాసుకునే వాడిని, నాకు వ్యాసాలేమిటి? అంతలో పాత బీరువా సర్దుతుంటే అడుగున నాలుగో తరగతి తెలుగు నోటుపుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది, ఒక మూల ఎలక కొరికింది. లోపల మార్జిన్లో మూడు చోట్ల ఎర్రసిరాతో ఒకటే మాట: ‘చూసినావా?’

1986-87లో మన బడి నాలుగో తరగతిలో కూర్చున్నవాళ్లకు అది ఎవరి చేతిరాతో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తాను, మాకు తెలుగు చెప్పిన సారుది. తెల్ల పంచె, పాత సైకిలు, జేబులో రెండు పెన్నులు. నీలం పెన్ను అడిగితే ఇచ్చేవారు, ఎర్రపెన్ను ముట్టనిచ్చేవారు కాదు. పేరు రాయను. సన్మానమంటేనే పారిపోయిన మనిషి.

ఉపమ, రూపకం, అతిశయోక్తి అన్న అలంకారాల పేర్లు మనకు హైస్కూల్లో వచ్చాయి. దేన్ని పోలుస్తామో అది ఉపమేయం, దేనితో పోలుస్తామో అది ఉపమానం, రెంటికీ కలిసే గుణం సమానధర్మం, ‘వలె’ వంటి మాట ఉపమావాచకం, నాలుగూ ఉంటే పూర్ణోపమ. ‘ఓ కృష్ణా! నీ కీర్తి హంసవలె ఆకాశగంగలో మునుగుచున్నది’ అని ఉదాహరణ. అందరం బట్టీ పట్టాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ పాఠం జరుగుతుండగా పక్కన కూర్చున్న మన బడివాడు నా చెవిలో గొణిగాడు: “హంసను చూసినావా? ఆకాశగంగను?” నవ్వాపుకోలేక బెంచీ ఎక్కాను. పేర్లు తెలియకుండానే మాకు ఆ పాఠం నాలుగైదేళ్ల ముందే అయిపోయిందని అప్పుడు తట్టలేదు.

అసలు మొదలైంది జాతీయాలతో. తొమ్మిదేళ్ల పిల్లలకు మాటంటే మాటే, దాని వెనక ఇంకొకటి ఉంటుందని తెలియదు. ‘కాళ్లకు బుద్ధి చెప్పడం’ చేసి చూపించరా అంటే ఒకడు లేచి నిలబడి, వంగి, తన రెండు కాళ్లనూ చూస్తూ “ఇంకోసారి మట్టిలో తిరిగినారంటే చూడండి” అని గట్టిగా తిట్టాడు. క్లాసంతా గొల్లుమంది. సారు నవ్వలేదు. “వాడు మాటను పూర్తిగా నమ్మినాడు. మీరు నమ్మలా, అందుకే మీకు తిట్టే కాళ్లు కనపడలా” అన్నారు. ఆ తర్వాత నమ్మకుండా కూర్చోవడం మాకు చిన్నతనంగా అనిపించింది.

మర్నాడు ఆయన కాగితం పొట్లంలో నువ్వులు తెచ్చారు. వరసగా తిరుగుతూ ఒక్కొక్కరి నాలుక మీద ఒక్కొక్క గింజ పెట్టారు. “మింగొద్దు, నమలొద్దు, మాట్లాడొద్దు. నానిందాకా అట్టే పెట్టుకోండి.” నువ్వుగింజ నోట్లో పెట్టుకొని చూడండి, అది నాలుక మీద నిలవదు, పంటి సందుకు పోతుంది, అక్కడ జిలపెడుతుంది. ముందు బెంచీలో ఒకడు నమిలేశాడు. ఇంకొకడికి తుమ్మొచ్చింది, వాడి గింజ ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి. అదే సమయంలో సారు ఒక అమ్మాయి దగ్గర వంగి చెవిలో ఏదో చెప్పారు. ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసి రెండు చేతులతో నోరు మూసుకుంది. అయిదు నిమిషాలు కూడా కాలేదు. ‘రేపు ఒంటిపూట బడి’ అన్న సంగతి మా క్లాసు దాటి, మూడో తరగతి దాటి, వంట చేసే ఆయమ్మ దాకా పోయింది. గింజ ఇంకా ఎవరి నోట్లోనూ నానలేదు.

హెడ్‌మాస్టరు గారు వచ్చి ఒంటిపూట ఎవరిచ్చారని అడిగితే సారు చేతులు కట్టుకొని సంజాయిషీ చెప్పుకున్నారు. ఆయన వెళ్లిపోయాక బోర్డు మీద రాశారు: నోట్లో నువ్వుగింజ నానదు. అర్థం రాయలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు మన గ్రూపులో అడ్మిన్, ఈ పేరా చదివి నన్ను తీసేయదని ఆశిస్తున్నాను.

పొడుపు కథల్ని ఆయన ఇంకో రకంగా వాడేవారు. ‘తెల్లని పొలంలో నల్లని విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు’ అంటే అక్షరాలని అందరికీ వచ్చు. సారు విప్పమనేవారు కాదు, కట్టమనేవారు. ఇంట్లో కాళ్లుండి నడవనివేమిటి? మంచం, కుర్చీ, పీట. ఊర్లో? బడికొచ్చే దోవలో నాలుగు కాళ్ల మండపం. పళ్లుండి నమలనివి? దువ్వెన, రంపం. కళ్లుండి చూడనిది? టెంకాయ. మూతి ఉండి మాట్లాడనిది? కుండ. ఒక వారం ఇదే ఆట. అన్నం తింటూ, నీళ్లు పట్టుకుంటూ ఇదే వెతుకులాట. మేం రోజూ మాట్లాడే మాటల్లో సగం ఎవరో ఎప్పుడో కట్టిన పొడుపు కథలేనని అప్పుడు తెలిసొచ్చింది. కుర్చీకి ‘కాలు’ అని మొదట అన్నవాడు ఎవడో గానీ, మన సారు దగ్గర చదువుకున్నట్టే ఉంది.

ఇక ‘మాదిరి’. పుస్తకంలో ‘వలె’ అనీ ‘లాగా’ అనీ ఉండేది. మన పక్క నోటికొచ్చేది మాదిరే. కోతి మాదిరి, గాలి మాదిరి. పుస్తకం మాట రాయమని ఆయన ఎన్నడూ దిద్దలేదు. కిటికీలోంచి కనిపించే కొండను చూపించి “అదేంది?” అన్నారొకరోజు. పడుకున్న పాము మాదిరి ఉంది సార్ అన్నాం. “మాదిరి తీసేయండి.” పడుకున్న పాము. “దాని పేరేంది?” శేషాచలం. ఆదిశేషుడే కొండై పడుకున్నాడని, ఏడు పడగలే ఏడు కొండలని మన ఇళ్లలో పుట్టినప్పటినుంచి వింటున్నదే. రోజూ కళ్లెదురుగా ఉన్న కొండ పేరులోంచి ఎవరో ‘మాదిరి’ తీసేశారని మాత్రం ఆ రోజే చూశాం.

దానికి గట్టి ఉదాహరణ తిరుపతి గంగమ్మ జాతర, మొక్కుకున్నవాళ్లు రోజుకో వేషం కట్టే పండుగ. జాతర వేసవి సెలవుల్లో అయిపోయేది, జూన్‌లో బడి తెరిచేసరికి మా చెవుల వెనక సుద్ద పోయేది గానీ కబుర్లు పోయేవి కావు. “బైరాగి వేషం వేసినోళ్లు చేతులెత్తండి” అన్నారు సారు. ఏడెనిమిది చేతులు లేచాయి, నాది కూడా. “నువ్వు తెల్లసుద్ద పూసుకొని బయటికొస్తే మీ అవ్వ ఏమనింది?”

“బైరాగి వచ్చినాడు అనింది సార్.”

“బైరాగి మాదిరి వచ్చినాడు అనలా?”

“లేదు సార్. దండం కూడా పెట్టింది.”

“మనవడికి అవ్వ దండం పెడుతుందా? వేషం కట్టినాక నువ్వు మనవడు కావు. మాట కూడా వేషం కడుతుంది. కట్టినంతసేపూ మాదిరి అనకూడదు.” అంతటితో వదిలితే ఆయన మన సారెందుకవుతారు? “సాయంత్రం స్నానం చేసి అన్నం తిన్నావా? మీ అవ్వ తిట్టిందా, దండం పెట్టిందా?” తిట్టింది సార్ అన్నాను. ఏ పోలిక తెచ్చినా ఆయన రెండు ప్రశ్నలు వేసేవారు. ఎక్కడ కలిసింది? ఎక్కడ కలవలేదు? రెండోదానికి జవాబు చెప్పలేకపోతే మొదటిదానికి మార్కులుండేవి కావు. రూపకానికి ఉపమేయ ఉపమానాల అభేదమని, అంటే రెండూ ఒకటేనని, హైస్కూల్లో నిర్వచనం చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అవ్వ పెట్టిన దండం, తర్వాత పడిన తిట్లు.

అతిశయోక్తి మీద పెద్దగా ఆగలేదు. ఆలస్యంగా వచ్చినవాడు “బస్సు టైరు పంచరైంది సార్” అంటే అబద్ధమనీ, “నూరూర్ల జనం ఆ బస్సులోనే ఉండారు సార్” అంటే కూర్చోవచ్చనీ మాకొక లెక్క ఉండేది. చాలామంది రెండోదే నేర్చుకున్నాం.

ఇక ఎర్రసిరా సంగతి. ‘మా అమ్మ’ అని పది వాక్యాలు రాయమన్నారు. ‘మా అమ్మ మనసు సముద్రం వంటిది’ అని రాశాను, ఎవరో అక్క నోటుపుస్తకంలోంచి ఎత్తింది. పక్కన ‘చూసినావా?’ పడింది. చూడలేదు సార్ అన్నాను. “నేను మద్రాసులో ఒకసారి చూసినా. నోట్లో పోసుకుంటే ఉప్పు. మీ అమ్మ మనసు ఉప్పగుంటుందా?” సొంతంగా చూడనిదాన్ని తెచ్చి పెడితే ఆయనకు అది అరువు సొమ్ము. ‘అరువు సొమ్ములు బరువు చేటు’ అని సామెత చెప్పి, అలంకారం అంటే సొమ్మే, ఒంటి మీది నగేనని ఆ ఏడాదికంతా ఒక్కసారి ఆ మాట వాడారు.

సముద్రం రాసినందుకే వెనక వరసలో ఒకమ్మాయికి కూడా అదే ఎర్రగీత పడింది. ఆ అమ్మాయి పుస్తకం పట్టుకొని ఏడుస్తూ వచ్చి, “చూసినా సార్. మా అమ్మమ్మోళ్ల ఊరు సముద్రం పక్కనే” అంది. నెల్లూరు పక్క పిల్ల. సారు కుర్చీలోంచి లేచారు. “తప్పు నాది అమ్మణ్ణీ. చెప్పు, మేమెవరం సరిగ్గా చూడలా” అని ఆమెను ముందు నిలబెట్టి తను వెళ్లి పిల్లల పక్కన బెంచీలో కూర్చున్నారు. పొద్దున ఒక రంగు, మధ్యాహ్నం ఒక రంగు అంది. మొదటి రాత్రి ఆ రొదకు నిద్ర పట్టదు, నాలుగు రోజులుండి ఇంటికొచ్చేస్తే రొద లేక నిద్ర పట్టదు అంది. అమ్మ కూడా అంతే సార్, అరుస్తా ఉంటుంది, ఊరికి పోతే ఇల్లు బావుండదు అంది. సారు తన ఎర్రగీతను తానే కొట్టేసి కింద రాశారు: ‘చూసినా’.

ఆ మాట మా క్లాసులో బంగారు పతకం. ఆమె వాక్యంలోంచి తనకు సముద్రం కనపడిందని దాని అర్థం. నాకు ఆ సంవత్సరం ఒక్కటి కూడా రాలేదు. సముద్రం కొట్టేసి ‘మా అమ్మ మనసు మా ఇంటి నీళ్ల తొట్టి మాదిరి, ఎవరు ముంచుకున్నా ఏమనదు’ అని రాసుకొచ్చాను. ఎక్కడ కలవదురా అన్నారు. వారానికోసారి తొట్టిని కడుగుతాం, అమ్మను కడగం సార్ అన్నాను. ఆయన చాలాసేపు నవ్వారు గానీ, రాయలేదు.

మన బ్యాచ్‌లో అందరికంటే మంచి వాక్యం ఎవరిదని నన్నడిగితే చంద్రగిరి వైపు నుంచి వచ్చే ఒక పిల్లవాడిది అంటాను. వాళ్లకు చెరుకుతోట, గానుగ ఉండేవి. చదువులో వెనకబెంచీ. వాడు రాసింది రెండే ముక్కలు: ‘మా నాయన కోపం పెనంలో పొంగే పాకం. మా అవ్వ ఆముదం చుక్క.’ మాకు అర్థం కాలేదు. వాడు లేచి చెప్పాడు. చెరుకు రసం పెనంలో కాగి చిక్కబడేటప్పుడు నురగ కట్టి ఒక్కసారిగా పైకి లేస్తుంది. అప్పుడు కర్ర పట్టుకొని ఎంత కలిపినా ఆగదు, పొయ్యిలో పిప్పి లాగినా వెంటనే దిగదు. చుక్క ఆముదం చిలకరిస్తే చాలు, అంత పొంగూ అట్టే కూర్చుంటుంది. వాళ్ల నాయన చెయ్యెత్తినప్పుడల్లా అవ్వ ఏమీ అరవదట, లోపలినుంచి పేరు పెట్టి ఒకసారి పిలుస్తుందట. అంతే. ఎక్కడ కలవదని సారు అడగలేదు. అడక్కుండా వదిలింది ఆ ఒక్కసారే.

ఆయన పద్ధతిలో లోటు లేదనను. కళ్లతో చూసిందే తేవాలంటే ఊహకు చోటెక్కడ? మేఘంలో ఏనుగును చూసినవాడికి కూడా పాపం ‘చూసినావా?’ పడింది, వాడు మళ్లీ అలాంటివి రాయలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

నా సంగతి చెప్పి ఆపుతాను. రైతులకు ఓల్టేజీ గురించి చెప్పాల్సి వస్తే నేను నీళ్లనే వాడుకుంటాను. ట్యాంకు ఎత్తు ఓల్టేజీ, పారే నీళ్లు కరెంటు, సన్నపైపు రెసిస్టెన్సు. కిందటేడు లైను చివరి ఊరినుంచి ఒక అర్జీ వచ్చింది. సాయంత్రమైతే మోటార్లు ఎత్తుకోవడం లేదు, రెండు కాలిపోయాయి, ట్రాన్స్‌ఫార్మరు కావాలి. మామూలు అర్జీయే. అందులో ఒక పెద్దాయన స్వహస్తాలతో రాసిన వాక్యం ఉంది: ‘తూము కాడోళ్లు తాగినంత తాగినాక మాకు తడి కూడా అందదు. ఈ లైనుకు మా ఊరు చివరి మడి.’

నా ట్యాంకూ పైపూ కంటే అది వెయ్యి రెట్లు నయం. ఎక్కడ కలవదని అలవాటుకొద్దీ వెతికాను. నీళ్లు తగ్గితే మడి ఊరికే ఎండుతుంది. ఓల్టేజీ తగ్గితే మోటారు ఊరుకోదు, ఇంకా ఎక్కువ కరెంటు లాగి కాయిల్ కాల్చుకుంటుంది. ఊరికి వెళ్లినప్పుడు ఆయనకు ఆ మాటే చెప్పాను, “అయితే మాది ఎండే మడి కూడా కాదు, కాలే మడి అన్నమాట” అన్నారు.

అర్జీల మీద మా ఆఫీసులో ‘సీన్’ (చూశాం) అని రాసి పొట్టి సంతకం పెడతాం. ఆ కాగితం మీద నేను తెలుగులో రాశాను. గుమాస్తా ఫైలు పట్టుకొని వెనక్కి వచ్చాడు. “సార్, ఇక్కడ ‘చూసినా’ అని ఉంది. సీన్ అనే కదా?”

అదేలే, పెట్టేయ్ అన్నాను.